నోరు కట్టుకోలేదని నిందించకండి



ఒళ్ళు చేసినవాళ్ళని చూసి "నోరు కట్టుకోదు" అనేస్తాం. మా ఆడపడుచు గురించి నేనూ అన్నాను. ఆ మాట ఆవిడ చెవిన పడింది. అప్పట్నుంచీ మా ఇంట్లో భోజనానికి కూర్చోవడం లేదు.

మన ఆకలిని అదుపులో ఉంచేది మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం. ఎలుకలకు కొవ్వు ఎక్కువున్న మేత పెడితే, అవి లావెక్కకముందే, మూడు రోజుల్లోపే అక్కడి కణాల్లో వాపు లక్షణాలు కనిపించాయని 2012లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. స్థూలకాయుల మెదడు స్కానింగుల్లోనూ అలాంటి గుర్తులే ఉన్నాయట. ఆ భాగం దెబ్బతింటే "ఇక చాలు" అన్న కబురు సరిగా అందదు. మరి తప్పంతా నోటిదేనంటారా?

అందుకే వేపుళ్ళు తగ్గించి, ఆకుకూరలూ పప్పూ పెంచుదాం. ఈ ఆదివారం తోటకూర పప్పు వండి ఆడపడుచును పిలుస్తున్నాను. వడ్డించేముందు క్షమించమని అడగాలి.

సెలవు.