మధ్యవర్తి తీర్పు – న్యాయస్థానముల పరిశీలన



పల్లెలో తగవు వచ్చినప్పుడు ఇరుపక్షములవారును ఒక పెద్దమనిషిని నమ్మి, ఆయన చెప్పినట్లు నడచుకొందుమని మాట ఇచ్చుట అనాదిగా నున్న ఆచారము. మాట ఇచ్చిన పిదప తీర్పు నచ్చలేదని కచేరీ కెక్కినవానిని ఊరు మెచ్చదు. గట్టు తగాదాకు ఈ నియమము చాలును. కాని ఒక కర్మాగారమున వందలాది కార్మికులను పనినుండి తొలగించినప్పుడు, ఉభయులును కోరుకొన్న మధ్యవర్తి తొలగింపు సరియే యని చెప్పినచో, ఆ తీర్పును న్యాయస్థానము పరిశీలింపవచ్చునా?

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1956లో చేసిన సవరణ వలన 10-ఎ అను సెక్షను చేరెను. యజమానియు కార్మికులును వ్రాతపూర్వకమగు ఒప్పందముతో తమ వివాదమును మధ్యవర్తి కప్పగించుటకు అది వీలు కల్పించెను. ఒప్పందము గాని, తీర్పు గాని ప్రభుత్వమునకు పంపి ప్రకటింపవలసి యుండెను. అనగా ఈ మధ్యవర్తి రచ్చబండ పెద్ద వంటివాడు కాడు. ఆయన మాటకు చట్టము బలమిచ్చినది. ఈ భేదమునే 1962లో హింద్ సైకిల్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు పట్టుకొనెను. రాజ్యము తన న్యాయాధికారమును ఈయనకు అప్పగింపలేదు గనుక నేరుగా సుప్రీంకోర్టునకు అప్పీలు లేదు. అయినను ఈయన కేవలము ప్రైవేటు వ్యక్తియును కాడు గనుక రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద హైకోర్టు రిట్టు జారీ చేయవచ్చును అని చెప్పెను.

ఇక తొలగింపుల సంగతి. పూర్వము పారిశ్రామిక న్యాయస్థానములు సైతము యజమాని దురుద్దేశమో, కక్షసాధింపో, సహజన్యాయ భంగమో, ఆధారములేని నిర్ణయమో కనబడిననే జోక్యము చేసికొనెడివి. చిన్న తప్పునకు పెద్ద శిక్ష వేసినను సాధారణముగా తగ్గించుట కుదిరెడిది కాదు. 1971లో చేర్చిన 11-ఎ సెక్షను ఆ సంకెల తెంచి, శిక్షను మార్చు అధికారమును వారి కిచ్చెను. మధ్యవర్తికిని ఈ అధికారము కలదా యను ప్రశ్న అహమ్మదాబాదునుండి వచ్చెను.

1918లో గాంధీగారు నిరాహారదీక్ష పట్టిన మిల్లు సమ్మె, ఆనందశంకర ధ్రువగారి మధ్యవర్తిత్వముతో ముగిసినది ఆ నగరముననే. అదే నగరమున 1973లో గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కార్మికులు సమ్మె చేయగా యాజమాన్యము 853 మందిని తొలగించెను. ఉత్తరువులో నిందవాక్యము లేదు, విచారణయు జరుగలేదు. కొందరు తిరిగి చేరిరి. సుమారు నాలుగు వందల మంది వీధిలో నిలిచిరి. మధ్యవర్తి యాజమాన్యమునే సమర్థించెను. గుజరాత్ హైకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చెను. 1979లో సుప్రీంకోర్టున జస్టిస్ కృష్ణయ్యరు, జస్టిస్ దేశాయిగారలు హైకోర్టునే బలపరచిరి. జస్టిస్ కోషల్ గారు భిన్నాభిప్రాయము వ్రాసిరి.

అధికసంఖ్యాకుల వాదము గమనింపదగినది. ఉత్తరువునకు తొడిగిన చొక్కాను గాక లోని దేహమును చూడవలెనట! పేరునకు సాధారణ విరమణయైనను, నిజముగా అది సమ్మెకు వేసిన శిక్ష. సమ్మె చట్టవిరుద్ధమైనను, ఎవరెవరు ఏ దోషము చేసిరో వేరువేరుగా నిరూపింపక అందరిని ఒక్క గాటకు కట్టి దండింపరాదు. 11-ఎ అధికారము మధ్యవర్తికిని కలదు. ఆయన దానిని సరిగా వినియోగింపనప్పుడు హైకోర్టు సరిదిద్దవచ్చును.

ఇందువలన ప్రతి తీర్పును మొదటినుండి తిరుగదోడవచ్చునని భ్రమపడరాదు. అధికారము మీరినప్పుడు, వినవలసినవారిని విననప్పుడు, చట్టదోషము తీర్పు ముఖముననే కనబడినప్పుడు మాత్రమే రిట్టునకు తావు కలదు. సాక్ష్యమును మరొకరీతిగా తూచవచ్చునన్న మాత్రమున చాలదు. కోర్టుల మెట్లెక్కుట తప్పించుకొనుటకే గదా మధ్యవర్తిని కోరుకొనునది! అహమ్మదాబాదు కార్మికులకు తుదిమాట వినబడుసరికి ఆరేండ్లు గడచెను. ఆ ఆరేండ్లును పొయ్యి ఎట్లు వెలిగినదో ఏ తీర్పులోను పూర్తిగా ఇమడదు. ఇది ఈ పద్ధతికి పెద్ద లోపమే; అయినను అన్యాయపు తీర్పునకు దిక్కులేకపోవుట అంతకంటె పెద్ద లోపము.

1947 చట్టము ఇప్పుడు లేదు. దాని స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. ఉభయులు ఇష్టపడి మధ్యవర్తిని కోరుకొను పద్ధతి అందును నిలిచియున్నది. 226వ అధికరణమును అట్లే యున్నది.