మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తరు?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హాలియాలో సభ్యత్వాల కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు మాకు ఒక ప్రశ్న పదేపదే ఎదురైంది. బుద్ధి ఎదుగుదల తక్కువైన బిడ్డ ఉన్న ఇంట్లో తల్లి చాయ్ ఇచ్చి మెల్లగా అడుగుతుంది: "భాయ్, మేమున్నన్నాళ్లు చూసుకుంటం. మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తరు?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలుసుకున్న నాలుగు మాటలు ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

మొదటి మాట. ఇది పిచ్చి కాదు, అంటుకునే జబ్బు కాదు, ఎవరి పాపఫలమూ కాదు. మందు మింగితే పోయేదీ కాదు. కాని నేర్పితే నేర్చుకుంటారు. కాస్త ఆలస్యంగా నేర్చుకుంటారు, అంతే. ఈ నమ్మకంతోనే హైదరాబాదులో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, సికింద్రాబాదులో 1977లో స్వీకార్ సంస్థ వెలిశాయి. 1984లో బోయిన్‌పల్లిలో కేంద్ర ప్రభుత్వమే ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. మన హాలియా నుంచి బస్సెక్కితే ఒక్క పూటలో చేరే దూరమే.

ఎలా నేర్పాలి? పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. చొక్కా తొడగడమే తీసుకోండి. చేతులు దూర్చడం, అంచులు సరిచేయడం, ఒక్కో గుండీ పెట్టడం, ఇవన్నీ వేర్వేరు పనులు. తల్లి అన్నీ చేసి, చివరి గుండీ ఒక్కటి బిడ్డకు వదిలిపెట్టాలి. అది పెట్టగానే "శభాష్" అనాలి. అది బాగా వచ్చాక చివరి రెండు గుండీలు వదలాలి. ఇలా వెనక నుంచి ముందుకు వస్తే, ప్రతిసారీ పని పూర్తి చేసిన సంతోషం బిడ్డకే దక్కుతుంది. స్నానం, చాయ్ కాచడం, కిరాణా దుకాణంలో చిల్లర లెక్క చూసుకోవడం, మిర్యాలగూడ బస్సు గుర్తుపట్టడం, అన్నిటికీ ఇదే దారి.

తన కాళ్లమీద తాను నిలబడడమంటే ఒంటరిగా వదిలేయడం కాదు. ఒకరికి రోజంతా తోడు కావాలి. మరొకరికి వారానికోసారి డబ్బు లెక్క చూసే మనిషి ఉంటే చాలు. ఎంత అవసరమో అంతే సాయం చేయాలి, అంతకు మించితే అది సంకెల అవుతుంది.

ఈ తప్పు మేమూ చేశాము. పోయిన ఏడు మన విందులో అలాంటి పిల్లవాడొకడు నీళ్ల జగ్గు పట్టుకుంటే, "నువ్వు కూర్చో బేటా" అని లాక్కున్నాము. ప్రేమతోనే చేశాము, కాని వాడి ముఖం చిన్నబోయింది. ఈ ఏడు జగ్గు వాడికే ఇచ్చాము. రెండు గ్లాసుల నీళ్లు ఒలికాయి. ఏం మునిగిపోయింది? ఆ పూట అందరికీ నీళ్లు పోసింది వాడే.

ఇక చట్టం సంగతి. బిడ్డకు 18 ఏళ్లు నిండగానే, కన్నవాళ్లమైనా చట్టం దృష్టిలో మన సంరక్షకత్వం ముగుస్తుంది. బిడ్డకు సంరక్షకుడు అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆస్తిపాస్తుల గొడవ రాకముందే ఈ పని చేసుకోవడం మంచిది. అదే ట్రస్టు నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. వీటిలో చాలావాటికి మొదటి మెట్టు వైకల్య ధ్రువపత్రం. సిగ్గుపడి బిడ్డను ఇంట్లో దాచితే ఆ కాగితం ఎట్లా వస్తుంది?

చివరగా మా విజ్ఞప్తి. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటివారు మాకు చెప్పండి. ధ్రువపత్రానికి మేము తోడు వస్తాము. దుకాణమున్న సోదరులు రోజుకు రెండు గంటలు ఒక్కరికి పని నేర్పండి. సామాను సర్దడమో, సంచులు కట్టడమో, ఏదైనా సరే. పెళ్లిళ్లకు పిలిచేటప్పుడు ఆ బిడ్డనూ పేరు పెట్టి పిలవండి.

"మా తర్వాత ఎవరు?" అని అడిగిన తల్లికి ఒక్క మనిషి జవాబు కాలేడు. బస్తీ అంతా కలిస్తే కావచ్చు. తాను బతికుండగానే బిడ్డ చివరి గుండీ పెట్టుకోవడం చూస్తే, ఆ తల్లి ఆ రాత్రి కాస్త నిద్రపోతుంది. సెలవు.