ఇంటి ప్లానూ మున్సిపాలిటీ బడ్జెట్టూ: వాడకు వాటా ఎంత?

(డోన్‌లో కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

మనం నలుగురం కూర్చుంటే భూమి గురించి, కూలి గురించి, హాస్టల్ గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మున్సిపాలిటీ ఆఫీసులో ఒక్క గది గురించి మాట్లాడుకుందాం. దాని పేరు టౌన్‌ప్లానింగ్ సెక్షన్. ఇంటి ప్లానుకు పర్మిషన్ ఇచ్చేది ఆ గదే. ఎవరి గోడ నిలబడల్ల, ఎవరి గోడకు నోటీసు అంటించల్ల, ఏ వీధి ముప్పై అడుగులుండల్ల, ఏ వీధిలో పాడె తిప్పుకోను కూడా చోటు లేకుండా పోవల్ల అనేది అక్కడే తేలుతుంది. బేతంచెర్ల నాపరాయి తీసేది మన చేతులు. మిద్దెలకు కంకర, సిమెంటు మోసేది మన ఆడోళ్లు. ఊరంతా కట్టేది మనం, ఆ గది గడప తొక్కనిది కూడా మనమే. ఎందుకని?

ముందు చట్టం చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూలులో మొదటి అంశమే పట్టణ ప్రణాళిక. రెండోది భూమి వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. అదే సవరణ కౌన్సిల్‌లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం సీట్లు ఇచ్చింది. అంటే కాగితం మీద అధికారమూ ఉంది, మన మనిషి కూర్చునే కుర్చీ కూడా ఉంది. మరి డబ్బు, ఉద్యోగి ఎవరి చేతిలో ఉన్నట్టు? అసలు సంగతి ఇక్కడే ఉంది.

పంచాయతీగా ఉన్న డోన్ మున్సిపాలిటీ అయింది. 2011 లెక్కల్లోనే జనాభా 59 వేలు దాటింది. పల్లెలో అయితే స్థలం ఉంటే గోడ లేపుకుంటాం. పట్నంలో అట్లా కుదరదు. ప్లాను లేకుండా కొంచెం పెద్ద ఇల్లు కట్టుకున్నామంటే ఇంటి పన్నుకు సమానంగా జరిమానా కూడా వేస్తారు, అంటే రెండింతలు కట్టల్ల. ఆ జరిమానా కట్టినంత మాత్రాన ఇల్లు సక్రమం కాదు. బ్యాంకుకు పోతే ప్లాను కాగితం తెమ్మంటారు. ప్లానుకు పోతే స్థలం కాగితం తెమ్మంటారు. మన చేతిలో ఉండేది డి-పట్టానో, ఎప్పుడో తాత పేరు మీద ఇచ్చిన ఇంటిస్థలం పట్టానో. ఆ ముక్కను చదివి, ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు, చెల్లాలంటే తహసీల్దారు దగ్గర ఈ పని చేయించుకో అని చెప్పే మనిషి ఆ గదిలో ఉండల్ల. ఉన్నాడా? ఉంటే తీరిక ఉందా?

ఇక డబ్బు సంగతి. ఈ సెక్షన్ మున్సిపాలిటీకి ఖర్చు మాత్రమే కాదు, రాబడి కూడా. పర్మిషన్ ఫీజు, బెటర్‌మెంటు చార్జీ, అభివృద్ధి చార్జీ, ఖాళీ స్థలం పన్ను, ప్లాను తప్పినవాళ్ల జరిమానా, ఇవన్నీ దాని పని మీద ఆధారపడి వచ్చేవే. వచ్చిన డబ్బు మాత్రం పెద్ద మూటలో కలిసిపోతుంది. ఆ సెక్షన్‌కు తిరిగి ఎంత పెట్టినారంటే చెప్పేవాడుండడు. పోస్టు సంగతి ఇంకా విచిత్రం. రెగ్యులర్ పోస్టు మంజూరు చేసేది మున్సిపాలిటీ కాదు, రాష్ట్ర ప్రభుత్వం. ఫీజు ఊళ్లో వసూలవుతుంది, పోస్టు రాజధానిలో ఆగిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చూడండి. పర్మిషన్ ఫీజు ఆ పనికి అయ్యే న్యాయమైన ఖర్చును మించకూడదని రాసుకున్నారు. అంటే ఆ పనికి ఎంత ఖర్చవుతుందో వాళ్లు లెక్క చూపల్ల. మన దగ్గర ఆ లెక్క అడిగినవాళ్లం కూడా లేము.

లెక్క కోసం ఒక మాట అనుకుందాం. ఏడాదికి 300 ఇండ్లకు ప్లాన్లు ఇచ్చినారు. పునాదప్పుడు ఒకసారి, స్లాబుకు ముందు ఒకసారి, పూర్తయినాక ఒకసారి పోయి చూడల్ల. 900 సార్లు పోవల్ల. ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే రోజుకు దాదాపు నాలుగు ఇండ్లు. దీనికి తోడు లేఅవుట్లు, రోడ్డు ఆక్రమణలు, కోర్టు కేసులు, ఆన్‌లైన్ ఫైళ్లు. ఒకరిద్దరితో ఇది అయ్యే పనేనా? కానప్పుడు ఏమవుతుంది? పలుకుబడి ఉన్నోడు రోడ్డు మీదికి మెట్లు దింపినా చూడ్డానికి ఎవరికీ తీరిక ఉండదు. ఫిర్యాదు ఎవరి మీద వస్తే వాళ్ల ఇంటికే పోతారు. ఫిర్యాదు ఎవరి మీద వస్తుందో మీకు మేం చెప్పల్లనా? మనిషి తక్కువైన చోట చట్టం కులం చూసి నడుస్తుంది. దీనికి ఒక్క డోన్‌ను అనలేం, ఏ చిన్న మున్సిపాలిటీలోనైనా ఈ ప్రమాదం ఉంది.

2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు పట్నాల్లో నాలుగు వేల జనాభాకు ఒకటి అన్నారు. వాటిలో ప్లానింగు, రెగ్యులేషన్ సెక్రటరీ అనే ఉద్యోగం పెట్టినారు. ఆ లెక్కన 59 వేల ఊరికి పదిహేను మంది దాకా రావల్ల. మంచిదే, మన పిల్లలు కూడా ఆ పరీక్షలు రాసినారు. 2025లో సచివాలయాల సిబ్బందిని జనాభాను బట్టి మళ్లీ సర్దినారు. అందుకని పాత లెక్క పట్టుకుని కూర్చోకుండా ఇప్పుడు ఎందరున్నారో అడగల్ల.

ఇంకో మాట. అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేస్తామని 2007లో, 2015లో, 2019లో స్కీములు పెట్టినారు. ఖజానాకు డబ్బు వచ్చింది. కానీ ముందు కట్టు, తర్వాత కట్టుకో అన్నట్టయింది. జరిమానాకు డబ్బు, స్థలానికి రిజిస్టరు కాగితం ఉన్నోడు గట్టెక్కినాడు. రెండూ లేనోడు ఉన్నచోటే ఉన్నాడు. తెలంగాణలో 2020లో చట్టం చేసి, 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. ఇట్లాంటిది పేదవానికి మేలు. అయితే పెద్ద భవనాలకు కూడా సొంత హామీ మీద వదిలేస్తే, తర్వాత పోయి చూసే మనిషి ఉండల్ల కదా. మనిషి లేకపోతే ఆ హామీ ఎవరికి హామీ?

కూలికి పోయే అక్కలు ఇది గట్టిగా వినండి. 1996 చట్టం ప్రకారం నిర్మాణ ఖర్చులో నూటికి రూపాయి సెస్సు కార్మికుల సంక్షేమానికి పోవల్ల. సొంతానికి కట్టుకునే చిన్న ఇండ్లకు మినహాయింపు ఉంది. 2025 నవంబరులో ఆ చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపినారు, సెస్సు మాత్రం పోలేదు. పెద్ద మిద్దె ప్లాను లేకుండా లేచిందంటే ఆ సెస్సు ఎగ్గొట్టడం సులువు. అంటే ఆ గదిలో మనిషి లేకపోతే మన కాన్పు సాయం, మన ప్రమాద సాయం పోయినట్టే.

మహద్ మున్సిపాలిటీ 1924లోనే చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. నీళ్లు తాకింది మాత్రం 1927 మార్చి 20న, బాబాసాహెబ్ వెంట జనం నడిచినాకనే. తీర్మానం నడవదు, మనిషే నడవల్ల. అందుకని చేయాల్సిన పనులు చెప్తాం, రాసుకోండి.

ఒకటి, సమాచార హక్కు కింద అర్జీ పెట్టల్ల. టౌన్‌ప్లానింగ్‌లో మంజూరైన పోస్టులెన్ని, ఉన్న మనుషులెందరు, ఎస్సీ రోస్టరు ఖాళీలెన్ని? మూడేండ్లలో ఫీజులు, జరిమానాలు ఎంత వచ్చినాయి, సెక్షన్ మీద ఎంత ఖర్చయింది? ముప్పై రోజుల్లో జవాబివ్వల్ల.

రెండు, ఏప్రిల్ రాకముందే బడ్జెట్ కాపీ అడగల్ల. కౌన్సిల్ ఉంటే కౌన్సిల్‌ను, లేకపోతే స్పెషలాఫీసరును. మనోళ్ల పట్టాలు చూసి ప్లాను గీయించడానికి వారానికి ఒక రోజు వాడలోనే కూర్చునే మనిషికి బడ్జెట్టులో డబ్బు పెట్టించల్ల.

మూడు, ఇల్లు కూలుస్తామని వస్తే భయపడొద్దు. సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న చెప్పింది. పదిహేను రోజుల నోటీసు, మన మాట వినడం, రాతపూర్వక ఉత్తర్వు లేకుండా కూల్చకూడదు. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, చెరువు, వాగు స్థలాలకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. డోన్ జంక్షన్ ఊరు కాబట్టి పట్టాల పక్కన గుడిసెలు వేసుకున్నోళ్లకు ఇప్పట్నుంచే వేరే స్థలం పట్టాల కోసం కొట్లాడల్ల.

ఇంటి పన్ను రసీదు, పట్టా కాగితం, నోటీసు ఉంటే నోటీసు, మూడూ ఒక్క సంచిలో పెట్టి తీసుకురండి. చదువుకున్న మన పిల్లలను కూర్చోబెట్టి ఇంటింటి లెక్క రాద్దాం. ఆ లెక్క చేతిలో పట్టుకుని ఆ గదికి పోదాం. ఒక్కరొక్కరుగా పోతే రేపు రమ్మంటారు. వాడంతా పోతే కుర్చీ వేస్తారు.

జై భీమ్!