తళుకు సబ్బులు



ఈ రోజు తళుకు సబ్బులు చేద్దాం. బజారులో సబ్బు బేస్ దొరుకుతుంది. అది తయారైన సబ్బే. కాస్టిక్ సోడాను మనం ముట్టుకోనక్కర లేదు.

1 కిలో బేస్‌ను చిన్న ముక్కలుగా కోయండి. పెద్ద గిన్నెలో నీళ్లు కాచండి. అందులో చిన్న గిన్నె పెట్టి ముక్కలు కరిగించండి. బేస్ మరగకూడదు. నెమ్మదిగా కలపండి. లేకపోతే నురగ వస్తుంది.

మరి తళుకు? ఇక్కడే జాగ్రత్త! బొమ్మల మీద, కార్డుల మీద చల్లే తళుకు వేయకండి. అది ఎక్కువగా ప్లాస్టిక్. ఒంటికి గీసుకుంటుంది. పిల్లల కంట్లో పడితే ప్రమాదం. గూడూరు అభ్రకం పేరు విన్నారు కదా! సబ్బుల్లో వేసే అభ్రకం పొడి వేరుగా దొరుకుతుంది. ఒంటికి వాడవచ్చని పొట్లం మీద రాసి ఉందా? చదివి కొనండి. మనం చదువు నేర్చింది ఇందుకే కదా!

సబ్బు కొంచెం చల్లారి చిక్కబడ్డాక పొడి కలపండి. చిటికెడు చాలు. మరీ వేడిలో కలిపితే అడుక్కి దిగిపోతుంది. అచ్చుల్లో పోయండి. గట్టిపడ్డాక తీసి, కవరు చుట్టండి. గాలి తగిలితే చెమ్మ పడుతుంది.

1 కిలోకి 100 గ్రాముల సబ్బులు 10 వస్తాయి. ముందు ఇంట్లో వాడి చూడండి. అమ్మాలంటే మాత్రం ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ సంగతి సంఘంలో అందరూ కలిసి మాట్లాడుకోండి.