కిటికీ మూస్తే సరిపోదు అక్కా!
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, వాపసుల సంగతి ఇప్పటిదాకా విన్నారు. నేను ఇంట్లో గాలి గురించి నాలుగు మాటలు చెప్తా.

జవహర్‌నగర్ అనగానే అందరికీ డంపింగ్ యార్డే యాదికొస్తది. మూడు వందల ఎకరాలకు పైగా ఉన్న ఆ యార్డుకు హైదరాబాద్ చెత్త వస్తది. గాలి మన దిక్కు మళ్లిందంటే అన్నం ముద్ద నోట్లోకి పోదు. అందుకే కిటికీలు మూసుకోవడం అలవాటు చేసుకున్నాం. నేనైతే కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కూడా కుక్కిన. రాత్రీ పగలూ అట్లనే ఉంచిన. అది తప్పని తర్వాత తెలిసింది.

కంపును ముక్కు పట్టిస్తది. కానీ రంగు, వాసన, రుచి ఏదీ లేని వాయువు ఒకటుంది. దాని పేరు రేడాన్. అది నేల నుంచి వస్తది. మన చుట్టూ ఉన్నది గ్రానైటు రాయి. గ్రానైటులో కొద్దిగా యురేనియం ఉంటుంది. అది మెల్లమెల్లగా మారుతూ రేడియం, ఆ తర్వాత రేడాన్ అవుతుంది. ఆరుబయట గాలిలో కలిసిపోతే భయం లేదు. గచ్చు పగుళ్లలోంచి, పైపుల పక్క సందుల్లోంచి వచ్చి మూసిన గదిలో నిలిచిపోతేనే చిక్కు. ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. ఇంట్లో బీడీ, సిగరెట్ తాగేవాళ్లుంటే వాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

ఘనపు మీటరు గాలిలో 100 బెకరెల్‌లకు లోపు ఉండాలని, అది కుదరకపోయినా 300 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. యురేనియం నిక్షేపాలున్న నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇండ్లలో రేడాన్ కొలిచారు కూడా. మన ఇంట్లో ఎంతుందో చూస్తే తెలియదు, కొలిస్తేనే తెలుస్తది.

మరి ఏం చేయాలె?

ఒకటి, కంపు లేని వేళ చూసుకొని ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరవాలె. చలికాలంలో అందరం మూసుకొనే పడుకుంటాం, అప్పుడే మరింత జాగ్రత్త.

రెండు, గచ్చు పగుళ్లు, పైపుల చుట్టూ సందులు సిమెంటుతో పూడ్చాలె. పూడ్చినం కదా అని కిటికీ మూయొద్దు, రెండూ కావాలె.

మూడు, బోరు నీళ్లలోనూ రేడాన్ ఉండొచ్చు. నీళ్లను బయటే పై నుంచి ధారగా పోసి డ్రమ్ములో పట్టుకుంటే చాలావరకు గాలిలోకి పోతది.

నాలుగు, కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు గచ్చు కింద కంకర పొర, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు వేయించండి. కంకరలోంచి ఒక పైపు ఇంటి కప్పు పైకి తీస్తే వాయువు బయటికే పోతది.

చివరగా నా మనవి ఒకటి. బర్రెకు, కుట్టు మిషనుకు అప్పిస్తున్నాం. కిటికీ లేని ఒంటి గదుల్లో పిల్లలతో ఉంటున్న సభ్యులకు కిటికీ పెట్టించుకోవడానికి కూడా సంఘం నుంచి చిన్న అప్పు ఇద్దాం. దీన్ని ఈ సభలోనే తీర్మానం రాయాలని కోరుతున్నా.

కంపు మీద మన పోరాటం ఆగదు. కానీ కంపు లేదు కదా అని లోపలి గాలి మంచిదనుకోకండి. ఈ రోజు ఇంటికి పోగానే గచ్చు ఒక్కసారి చూసుకోండి.