పాలు పులిశాయా, క్షారం బలం తగ్గిందా?

(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



పాలు పులిశాయని శీతలీకరణ కేంద్రం నుండి క్యాను తిరిగి వస్తే ఆ నష్టం సంఘమంతా మోయాలి. ఆ తీర్పుకు ఆధారం ఆమ్లత పరీక్ష. 10 మి.లీ. పాలలో కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబి రంగు వచ్చి నిలిచేవరకు బ్యూరెట్ నుండి కాస్టిక్ సోడా ద్రావణం వదులుతారు. ఎన్ని మి.లీ. పట్టిందో దానినిబట్టి ఆమ్లత లెక్కకడతారు. అంటే ఇక్కడ తూకపురాయి ఆ ద్రావణమే. రాయి తరుగైతే తూకం నిలుస్తుందా?

కాస్టిక్ సోడా గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. అందుచేత 4 గ్రాములు తూచి లీటరు ద్రావణం చేసినంత మాత్రాన అది సరిగా ఎన్/10 అని నమ్మడానికి వీలులేదు. మూత సరిగా లేని సీసాలో రోజులు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది.

బలం తేల్చే పద్ధతి కష్టమైనది కాదు. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు తూకానికి నిలకడగా ఉంటాయి. 6.3 గ్రాములు స్వేదనజలంలో కరిగించి సరిగా ఒక లీటరు చేస్తే అది ఎన్/10 ఆమ్లం. అందులో 10 మి.లీ. పిపెట్‌తో కుప్పెలోకి తీసుకుని, ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్ నుండి క్షారం వదలాలి. గులాబి రంగు తొంగిచూడగానే చుక్కచుక్కగా వదిలి, రంగు నిలవగానే ఆపాలి. రెండు కొలతలు కలిసేవరకు మళ్ళీ చేయాలి. ఆమ్లం మి.లీ.ను దాని బలంతో హెచ్చించి, పట్టిన క్షారం మి.లీ.తో భాగిస్తే క్షారం బలం వస్తుంది.

ఉదాహరణకు 10 మి.లీ. ఆమ్లానికి 12.5 మి.లీ. క్షారం పట్టిందనుకుందాం. దాని బలం 0.1 కాదు, 0.08. ఆ క్షారంతో 10 మి.లీ. పాలు పరీక్షిస్తే 2 మి.లీ. పట్టిందనుకోండి. సీసా మీది ఎన్/10 చీటీని నమ్మితే ఆమ్లత 0.18 శాతం, క్యాను వెనక్కి. అసలు బలంతో లెక్కిస్తే 2 × 0.08 × 0.9, అనగా 0.144 శాతం. అవి మంచి పాలే!

క్షారం బలం హెచ్చైతే దీనికి విరుద్ధం. పులిసిన పాలు మంచివిగా నెగ్గి, తక్కిన పాలను కూడా చెరుస్తాయి.

కనుక మేము కోరేది ఇది. క్షారం సీసాకు గాజు మూత పెట్టకండి, బిగుసుకుపోతుంది. రబ్బరు బిరడా వాడండి. వారం వారం బలం తేల్చి, ఆ అంకె, తేదీ చీటీ మీద వ్రాయండి. ఈ ద్రావణాలను నోటితో పీల్చవద్దు. ఆక్సాలిక్ ఆమ్లం విషం, క్షారం ఒంటిని కాలుస్తుంది. క్యాను తిరిగి వచ్చినపుడు పోట్లాటకు దిగకండి. “సీసా మీద తేదీ ఏది? బలం ఎంత?” అని మర్యాదగా అడగండి. అది అడిగే హక్కు పాలు పోసే ప్రతి సభ్యునికీ ఉన్నది.