గోదావరి ఒకటే, రొట్టె వేరు



మాది నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. 1956 అక్టోబరు దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండి, నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలోకీ, 1960 మే 1న మహారాష్ట్రలోకీ వెళ్లిన జిల్లా. రాష్ట్రాలు మారినా మా పొయ్యి మీద పెంక మారలేదు. రెండు పూటలా జొన్నరొట్టె. పక్కన మేం పుంటికూర అన్నా, పొరుగువారు అంబాడీ అన్నా కూర ఒకటే.

ఉద్యోగం బదిలీ మీద రాజమహేంద్రవరం వెళ్లవలసి వచ్చింది. నాందేడును ఒరుసుకొని పారే గోదావరే అక్కడా ఉంది, పరాయి ఊరేమిటి అనుకున్నాను. నది ఒకటే గాని కంచంలోది వేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువల కింద నేలంతా వరి. మా వైపు వానలు వెనుదిరిగాక నల్లరేగడిలో విత్తిన జొన్న, నేలలో దాగిన తేమతోనే పండుతుంది. పల్నాడులో సన్నన్నం దొరకక జొన్నకూటిని ఆడిపోసుకున్నట్టు శ్రీనాథుడి పేర చాటువులున్నాయి కదా, నాది దానికి తలకిందులు. పక్కింటివారు ప్రేమగా పులసకూరతో సన్నన్నం పెట్టేవారు. కడుపు నిండేది, తిన్నట్టు మాత్రం ఉండేది కాదు.

దుకాణంలో జొన్నపిండి పొట్లం దొరికింది. ఆ రాత్రి మా ఆవిడ రొట్టె తట్టబోతే అంచులు పగిలాయి. ఎత్తబోతే ముక్కలైంది. దెగ్లూరులో పుట్టి, పదేళ్ల వయసు నుంచీ రొట్టెలు కొట్టిన మనిషి. నేనేమో, "ఊరు మారితే చెయ్యి కూడా మరిచిపోయినవా?" అన్నాను. ఆమె మాట్లాడలేదు. మర్నాటి నుంచి అన్నమే వండింది. పెంక అటక మీదికి పోయింది.

సంక్రాంతి తర్వాత మా అమ్మ వచ్చింది. పొట్లంలో మిగిలిన పిండి వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకొని, "ఇది ముసలి పిండి బిడ్డా, కోడలి చేతిల తప్పేం లేదు" అంది. గోధుమపిండిలో ఉండే సాగుడు జొన్నలో లేదు. మరిగిన నీళ్లు పోసి, అరచేతి మడమతో మెదిపితేనే ముద్ద కడుతుంది. పట్టించి చాలా రోజులైన పిండికి ఆ జిగి కూడా పోతుంది, చేదెక్కుతుంది. అమ్మ సంచిలో జొన్నలు తెచ్చింది. అక్కడి మరాయన బియ్యం మధ్యలో జొన్నలేమిటని విసుక్కుంటూనే పట్టిచ్చాడు. మా ఆవిడ పరాత్‌లో తట్టి, పెంక మీద వేసి, పైన తడిచెయ్యి రాసి తిప్పింది. రొట్టె పొంగింది. మొదటి రొట్టె అమ్మకు పెట్టింది, రెండోది తాను తిన్నది. నాకు మూడోది. ఆ వరస న్యాయమే.

కాబట్టి దూరాన ఉన్న పిల్లలకు పంపేవారు పిండి పంపకండి. గింజలు పంపండి, పది రోజులకు సరిపడా పట్టించుకొమ్మని చెప్పండి.

పదవీ విరమణ చేసి మా ఊరొచ్చాను. చలికాలంలో ఊచబియ్యం కాల్చుకుందామని చేనుకు పోతే జొన్నచేను కనపడలేదు. 1990ల నుంచీ మా నేలలో సోయాబీన్ పెరుగుతూ వచ్చింది. చేతికి తొందరగా డబ్బొస్తుంది, రైతును తప్పు పట్టలేం. ఎడ్లు తగ్గితే చొప్పతోనూ పని తగ్గింది. రొట్టె కోసం బెంగపడటానికి రాజమహేంద్రవరం దాకా పోనక్కరలేదన్నమాట.

పోయినేడు అరెకరం జొన్న నేనే వేశాను. ఊరంతటికీ చేను ఒక్కటే ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు: పిట్టలన్నీ దాని మీదే. నేను, మా ఆవిడ మంచె మీద కూర్చొని డబ్బా కొట్టినా సగానికి పైగా అవే తిన్నాయి. నాలుగు చేలు పక్కపక్కన ఉంటే ఆ నష్టం పంచుకోవచ్చు. ఈసారి పక్క చేను ఆయన్ను కూడా వెయ్యమని అడిగాను. చూద్దాం అన్నాడు.